పార్కిన్సన్స్ నిర్ధారణలో లెవోడోపా పరీక్ష: ‘మార్పు లేదు’ అన్న మాటకు ఎంత విలువ?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. మీ నాన్నగారికి 64 ఏళ్ళు. ఏడాదిగా కుడిచేయి ఊరికే ఒళ్ళో పెట్టుకున్నప్పుడు వణుకుతోంది, నడక నెమ్మదించింది, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పడుతోంది. ఒక వైద్యుడు పరగడుపున సిండోపా 110 (లెవోడోపా ఉన్న మందు) మాత్ర ఒకటి వేయించి, గంట తర్వాత నడిపించి చూసి, “మార్పు లేదు, పార్కిన్సన్స్ కాకపోవచ్చు” అన్నారు. మరొకరు అదే మందును క్రమంగా పెంచుతూ మూడు నెలలు వాడి చూద్దామన్నారు. ఎవరి మాట వినాలి, అన్నాళ్ళు వాడితే తర్వాత మందు పనిచేయకుండా పోతుందా అని అడిగారు.

రెండో వైద్యుడి మాట వినండి. ముప్ఫై ఏళ్ళకు పైగా నాడీవ్యాధుల వైద్యం చేస్తున్నాను. ఒక్క మాత్ర వేసి ‘కాదు’ అని తేల్చడం వల్ల రెండు మూడేళ్ళు వైద్యం అందక కుంగిపోయిన వాళ్ళను చాలామందిని చూశాను. అందుకే కొంచెం విపులంగా రాస్తున్నాను.

అసలు ఒక మందును పరీక్షగా ఎందుకు వాడతారో ముందు చెప్పాలి. మన కదలికలను సాఫీగా నడిపించే డోపమిన్ అనే రసాయనం మధ్యమెదడులో ‘నల్ల పదార్థం’ అని పిలిచే చిన్న భాగంలోని కణాల్లో తయారవుతుంది. పార్కిన్సన్స్‌లో ఆ కణాలు నశిస్తాయి. 1950ల చివర్లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ రిసర్పిన్ (మెదడులో డోపమిన్‌ను ఖాళీ చేసే మందు) ఇచ్చి కదలకుండా చేసిన జంతువులకు, మెదడులో డోపమిన్‌గా మారే లెవోడోపా ఇస్తే అవి తిరిగి కదిలాయి. 1960లో వియన్నాలో హోర్నికీవిచ్ బృందం, చనిపోయిన పార్కిన్సన్స్ రోగుల మెదళ్ళలో డోపమిన్ బాగా తగ్గిపోయిందని చూపింది. మరుసటి ఏడాదే అక్కడి రోగులకు లెవోడోపాను నరం ద్వారా ఇచ్చి చూశారు. 1967లో అమెరికాలో జార్జ్ కోట్జియాస్ నోటి ద్వారా ఎక్కువ మోతాదులో, నెమ్మదిగా పెంచుతూ ఇచ్చి ఫలితం సాధించాక అది నిజమైన వైద్యంగా నిలబడింది. ‘నెమ్మదిగా పెంచుతూ’ అన్న మాటను గుర్తుంచుకోండి. మీ ప్రశ్నకు జవాబులో సగం అందులోనే ఉంది.

చెరువు కింద పొలాన్ని ఊహించుకోండి. చెరువు ఎండిపోయి, పొలం మాత్రం బాగానే ఉంటే బయటినుంచి నీళ్ళు తెచ్చి పెట్టినా పైరు నిలబడుతుంది. పార్కిన్సన్స్‌లో జరిగేది దాదాపు ఇదే. డోపమిన్ పంపే కణాలు పోతాయి, అందుకునే కణాలు చాలావరకు మిగిలే ఉంటాయి. కాబట్టి లెవోడోపా పని చేస్తుంది. ఇదే పోలికతో కనిపించే వేరే జబ్బులు ఉన్నాయి. మల్టిపుల్ సిస్టమ్ ఎట్రోఫీలో, ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీలో అందుకునే వైపు కణాలు కూడా దెబ్బతింటాయి. పొలమే కోసుకుపోయాక ఎన్ని నీళ్ళు పెట్టినా ఏం ప్రయోజనం? వాటిలో మందు అంతగా పనిచేయకపోవడానికి ముఖ్య కారణం అదే. ఈ తేడా మీదే మందు పరీక్ష నిలబడి ఉంది.

దీనికి బలమైన రుజువు ఒకటి 1982లో కాలిఫోర్నియాలో దొరికింది. కొందరు యువకులు కల్తీ మాదకద్రవ్యం ఎక్కించుకుని రోజుల్లోనే బొమ్మల్లా బిగుసుకుపోయారు. విలియం లాంగ్‌స్టన్ అనే నాడీవైద్యుడు వాళ్ళకు లెవోడోపా ఇస్తే కదలికలు తిరిగి వచ్చాయి. ఆ మత్తుమందులో ఎంపీటీపీ అనే విషపదార్థం కలిసిందని, అది నల్ల పదార్థంలోని కణాలను చంపిందని తర్వాత తేలింది.

ఇక మీ నాన్నగారికి చేసిన పరీక్ష. దాన్ని ‘ఒక పూట పరీక్ష’ అందాం. పద్ధతిగా చేస్తే ఇలా ఉంటుంది: అప్పటికే మందు వాడుతున్నవాళ్ళు ముందు రాత్రినుంచి కనీసం 12 గంటలు ఆపుతారు. ఉదయం ఖాళీ కడుపుతో వచ్చినప్పుడు, వేళ్ళు తాటించడం, పిడికిలి మూసి తెరవడం, కాలు నేలకు కొట్టడం, కుర్చీలోంచి లేవడం, నడక, చేతుల బిగువు, వణుకు అన్నీ చూసి యూపీడీఆర్ఎస్ అనే కొలమానంలో మార్కులు వేస్తారు. ఇప్పుడు వాడే దానిలో కదలికల భాగానికి గరిష్ఠం 132. ఎక్కువ వస్తే జబ్బు ఎక్కువ అని అర్థం. తర్వాత 200 లేదా 250 మిల్లీగ్రాముల లెవోడోపా ఇచ్చి, గంటా రెండు గంటల పాటు మధ్యమధ్యలో మళ్ళీ మార్కులు వేస్తారు. కూర్చున్నప్పుడు, నిలబడ్డప్పుడు రక్తపోటు కూడా చూడాలి. కొన్ని దేశాల్లో దీనికి బదులు డోపమిన్‌లా పనిచేసే ఎపోమార్ఫిన్ సూదిమందును చర్మం కింద తక్కువ మోతాదునుంచి పెంచుతూ ఇస్తారు. అది పది పదిహేను నిమిషాల్లోనే పనిచేస్తుంది. అయితే వాంతులు ఎక్కువ, ఒక్కసారిగా రక్తపోటు పడిపోవచ్చు, అందుకని ముందునుంచే వాంతులను ఆపే డోమ్‌పెరిడోన్ ఇవ్వాల్సి వస్తుంది. ఇంట్లోగానీ చిన్న క్లినిక్కులోగానీ చేయదగ్గ పని కాదు.

సిండోపా 110లో లెవోడోపా 100 మిల్లీగ్రాములు, కార్బిడోపా 10 మిల్లీగ్రాములు ఉంటాయి. అంటే మీ నాన్నగారికి అందింది పరీక్షకు వాడే మోతాదులో సగం లేదా అంతకంటే తక్కువ. దానితో ‘లేదు’ అని చెప్పడం తొందరపాటు. మార్కులు వేయకుండా, నడకను మాత్రమే కంటితో చూసి చెప్పడం ఇంకా తొందరపాటు.

సరైన మోతాదు ఇచ్చినా జబ్బు తొలిదశలో ఒక పూట పరీక్ష తప్పు జవాబు ఇవ్వవచ్చు. ఇది చాలామందికి తెలియని విషయం కాబట్టి కాస్త ఓపికగా చదవండి. లెవోడోపా ప్రభావం రెండు రకాలు. ఒకటి మాత్ర వేసుకున్న కొద్దిసేపటికి వచ్చి కొన్ని గంటల్లో పోయేది. రెండోది రోజూ వాడుతుంటే రోజులు, వారాల మీద కూడుకుంటూ వచ్చి, మందు ఆపినా కొన్నాళ్ళు మిగిలి ఉండేది. జబ్బు ముదిరినవాళ్ళలో మొదటి రకం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మాత్ర వేసుకున్న అరగంటకు లేచి తిరుగుతారు, నాలుగు గంటలకు మళ్ళీ బిగుసుకుపోతారు. తొలిదశలో ఉన్నవాళ్ళలో లాభంలో ఎక్కువ భాగం రెండో రకంగానే వస్తుంది. గంటలో చూస్తే అది ఎలా కనిపిస్తుంది? కాబట్టి ఎవరి విషయంలో నిర్ధారణ మనకు అత్యవసరమో, సరిగ్గా వాళ్ళ దగ్గరే ఈ పరీక్ష బలహీనంగా ఉంటుంది. ఇదివరకే జబ్బు తేలినవాళ్ళకు, మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చే శస్త్రచికిత్స పనికొస్తుందా అని చూడడానికి మాత్రం ఒక పూట పరీక్షను ఇప్పటికీ తప్పనిసరిగా చేస్తాం. అక్కడ దాని విలువ చాలా ఎక్కువ.

నిపుణుల్లో కూడా దీనిమీద ఏకాభిప్రాయం లేదు. 2006లో బ్రిటన్‌లోని నైస్ సంస్థ తన మార్గదర్శకాల్లో జబ్బును వేరు చేయడానికి ఒక పూట లెవోడోపా, ఎపోమార్ఫిన్ పరీక్షలు వాడవద్దని చెప్పింది. అదే ఏడాది అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ అవి బహుశా ఉపయోగపడతాయని రాసింది. నా అనుభవం బ్రిటన్ మాట వైపే మొగ్గుతుంది. ఎలాగూ రోగికి లెవోడోపా మొదలుపెట్టాల్సిందే అయినప్పుడు, దాన్నే సరిగ్గా వాడించి చూస్తే దానికి మించిన పరీక్ష ఉండదు.

అదే ‘నెలల పరీక్ష’. మీ రెండో వైద్యుడు చెప్పింది ఇదే. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి వారం పది రోజులకోసారి పెంచుతారు. ఎంతవరకు? అంతర్జాతీయ మూవ్‌మెంట్ డిజార్డర్ సొసైటీ 2015లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం, జబ్బు కనీసం మధ్యస్థ తీవ్రతలో ఉండి, రోజుకు 600 మిల్లీగ్రాములకు తక్కువ కాకుండా లెవోడోపా ఇచ్చినా కంటికి కనిపించే మార్పు ఏమీ రాకపోతేనే ‘పార్కిన్సన్స్ కాదు’ అనడానికి దాన్ని ఆధారం చేసుకోవాలి. తట్టుకోగలిగితే కొందరిలో మేము 1000 వరకు తీసుకువెళ్ళి, కనీసం నెలపాటు అక్కడ నిలిపి చూస్తాం. అదే ప్రమాణాల్లో మార్కులు 30 శాతానికి మించి తగ్గితే స్పష్టమైన ఫలితంగా లెక్కిస్తారు. మొదట 40 ఉన్నవి 27కి వచ్చాయనుకోండి, అది గట్టి సాక్ష్యం.

ఇక్కడ కార్బిడోపా సంగతి చెప్పకుండా వదలలేను. లెవోడోపా మెదడుకు చేరకముందే రక్తంలో డోపమిన్‌గా మారిపోతే వికారం, వాంతులు వస్తాయి, మెదడుకు అందేది తగ్గుతుంది. ఆ మార్పును ఆపడానికే కార్బిడోపా. అది రోజుకు 70 నుంచి 100 మిల్లీగ్రాములైనా అందాలి. 110 మాత్ర రోజుకు మూడు వేసుకుంటే అందేది 30 మాత్రమే. సిండోపా ప్లస్‌లో అదే 100 మిల్లీగ్రాముల లెవోడోపాకు 25 కార్బిడోపా ఉంటుంది, మూడు వేసుకుంటే 75 అవుతుంది. ‘మందు పడలేదు, వాంతులయ్యాయి’ అని మధ్యలో మానేసినవాళ్ళలో చాలామందికి మాత్ర రకం మారిస్తే సరిపోయేది. మీ వైద్యుడిని ఈ విషయం తప్పక అడగండి.

వేసుకునే వేళ కూడా ముఖ్యమే. మాంసకృత్తులు లెవోడోపాతో పోటీపడి దాన్ని లోపలికి వెళ్ళనివ్వవు. పెసరట్టు తిని వెంటనే మాత్ర వేసుకుంటే, పాలతో మింగితే, సగం ఫలితమే కనిపించవచ్చు. భోజనానికి అరగంటనుంచి గంట ముందు మంచినీళ్ళతో వేసుకోవాలి. మొదట్లో వికారం ఉంటే రెండు మామూలు బిస్కెట్లు తినవచ్చు. రక్తహీనతకు ఐరన్ మాత్రలు వాడుతుంటే వాటికీ దీనికీ రెండు గంటలైనా ఎడం ఉండాలి.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. నిజానికి దీనితోనే మొదలుపెట్టాల్సింది. మీ నాన్నగారు ఇప్పుడు వాడుతున్న, గత ఏడాదిలో వాడిన మందులన్నీ ఒక సంచిలో వేసి తీసుకువెళ్ళండి. మన దగ్గర ‘గ్యాస్ మాత్ర’ పేరుతో ఏళ్ళ తరబడి మింగే వాటిలో కొన్నింట్లో లెవోసల్పిరైడ్ కలిసి ఉంటుంది. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, కళ్ళు తిరగడానికి ఇచ్చే సిన్నారిజిన్, తలనొప్పికి ఇచ్చే ఫ్లునారిజిన్, మానసిక వ్యాధులకు ఇచ్చే హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ వంటివి డోపమిన్ దారిని మూసేస్తాయి. అచ్చం పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు తెప్పిస్తాయి. ఆ దారి మూసి ఉంచి లెవోడోపా పరీక్ష చేస్తే ఏం తెలుస్తుంది? కడుపు ఉబ్బరానికి రెండేళ్ళుగా అలాంటి మాత్ర వాడుతున్న ఒక పెద్దావిడ, ఇద్దరు మనుషులు పట్టుకుంటే తప్ప నడవలేని స్థితిలో నా దగ్గరకు వచ్చారు. ఆ మాత్ర ఒక్కటి ఆపించాం. నాలుగు నెలలకు తానే నడిచి వచ్చారు. కోలుకోవడానికి కొందరికి ఆరు నెలలు, అంతకంటే ఎక్కువ కూడా పడుతుంది. డోమ్‌పెరిడోన్ మాత్రం మెదడులోకి పెద్దగా వెళ్ళదు కాబట్టి ఈ జాబితాలోకి రాదు, అయితే గుండె లయ మీద దాని ప్రభావం ఉంటుంది, కనుక ఈసీజీ చూసి, తక్కువ మోతాదులోనే వాడాలి. మానసిక వ్యాధులకు వాడే మందులను మీ అంతట మీరు ఆపవద్దు, రాసిన వైద్యుడితో మాట్లాడాకే.

ఇంకొకటి. కంపవాతానికని ఆయుర్వేద చూర్ణం ఏదైనా వాడుతున్నారా? దూలగొండి గింజల్లో సహజంగానే లెవోడోపా ఉంటుంది. అది వాడుతూ ‘ఏ మందూ లేదు’ అని చెబితే, పరీక్షకు ముందు వేసిన మార్కులే తప్పుగా పడతాయి. ఈ వివరం చెప్పడానికి మొహమాటపడకండి. విన్న వైద్యుడు మిమ్మల్ని తప్పుపట్టకూడదు కూడా.

మార్పు ఉందా లేదా అన్నది ఎవరు చూస్తారు? మార్కులు వైద్యుడు వేస్తారు, కానీ ఇంట్లోవాళ్ళ కళ్ళు కూడా కావాలి. వణుకును మాత్రమే పట్టుకుని కూర్చోవద్దు. వణుకు ఈ మందుకు అన్నిసార్లూ లొంగదు, పైగా వైద్యుడి ముందు ఆందోళనతో పెరుగుతుంది కూడా. పనుల వేగం చూడండి. అన్నంలో పప్పు కలుపుకోవడానికి ఎంతసేపు పడుతోంది, పంచె తానే కట్టుకుంటున్నారా, మంచంలో పక్కకు తిరగడానికి సాయం అడుగుతున్నారా, నడుస్తున్నప్పుడు కుడిచేయి ఊగుతోందా, సంతకంలో అక్షరాలు చివరికి వచ్చేసరికి చిన్నవైపోతున్నాయా. నా దగ్గరకు వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడికి కూడా మీ నాన్నగారిలాగే ఒక్క మాత్రతో ‘కాదు’ అని చెప్పారు. రోజుకు 600 మోతాదులో రెండు నెలలయ్యాక, ఏమైనా తేడా ఉందా అని అడిగితే ఆయన “ఏమో” అన్నారు. పక్కనే ఉన్న భార్య, “నెలరోజులుగా నేను అన్నం కలిపి పెట్టడం లేదండీ” అన్నారు. ఆ మాట విన్నాక మార్కులు వేస్తే అవీ ఆమె మాటనే బలపరిచాయి.

ఆశ కూడా కొంతసేపు మందులా పనిచేస్తుందని తెలుసుకోండి. 2001లో కెనడాలోని వాంకూవర్ పరిశోధకులు, మందు లేని ఉత్తుత్తి సూది వేసినా పార్కిన్సన్స్ రోగుల మెదడులో డోపమిన్ విడుదలవుతుందని స్కానుల్లో చూపించారు. కాబట్టి మొదటి రెండు మూడు రోజుల్లో కనిపించిన మెరుగుదలను చూసి ‘తేలిపోయింది’ అనుకోకూడదు. వారాల తరబడి నిలబడిన మార్పే సాక్ష్యం.

ఇప్పుడు రెండో వైపు. మందు పనిచేసింది, కాబట్టి పార్కిన్సన్సే అని కూడా వెంటనే అనలేం. మల్టిపుల్ సిస్టమ్ ఎట్రోఫీ రోగుల్లో దాదాపు మూడోవంతు మందికి మొదట్లో లెవోడోపా ఎంతోకొంత పనిచేస్తుంది. నా రోగి ఒకరికి తొలి ఏడాది చక్కని ఫలితం వచ్చింది, పార్కిన్సన్స్ అనే చెప్పాను. మూడో ఏడాదికి నిలబడితే కళ్ళు బైర్లు కమ్మి పడిపోవడం, మూత్రం అదుపు తప్పడం మొదలై మందు ప్రభావం జారిపోయింది. నా నిర్ధారణ తప్పని కుటుంబానికి చెప్పడం చాలా కష్టమైంది. అప్పటినుంచి మొదటి ఏడాది ఎవరికీ ‘ఖాయం’ అన్న మాట వాడను. లండన్ బ్రెయిన్ బ్యాంకు పరిశోధకులు 1992లో ప్రకటించిన ప్రసిద్ధ అధ్యయనంలో, బతికుండగా పార్కిన్సన్స్ అని నిర్ధారించిన 100 మంది మెదళ్ళను మరణానంతరం పరీక్షిస్తే 76 మందిలోనే అది నిజమని తేలింది. వాళ్ళ ప్రమాణాల్లో మంచి స్పందన ఒక్కటే కాదు, ఆ స్పందన ఐదేళ్ళకు పైగా నిలబడడం, మందువల్ల ఒళ్ళు మెలికలు తిరిగే అదనపు కదలికలు రావడం కూడా జబ్బును బలపరిచే గుర్తులు.

పిల్లల్లో, యువకుల్లో లెక్క వేరు. సాయంత్రానికి కాళ్ళు మెలితిరిగి, నిద్రలేచాక బాగుండే పిల్లలకు అతి తక్కువ లెవోడోపాతో అద్భుతంగా నయమయ్యే సెగావా వ్యాధి ఉంటుంది. అక్కడ మందు పరీక్ష జీవితాన్నే మార్చేస్తుంది. నలభైలోపు వాళ్ళకైతే విల్సన్ వ్యాధి (ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు) పరీక్షలు తప్పవు. మీ నాన్నగారికి ఇవేవీ వర్తించవు.

స్కాను చేయిస్తే సరిపోతుంది కదా అని కూడా అడుగుతారేమో. ట్రోడాట్ స్కాను డోపమిన్ పంపే తీగల చివరలు తగ్గాయా అని చూపిస్తుంది. మందువల్ల వచ్చిన లక్షణాలనుంచి, మామూలు వంశపారంపర్య వణుకునుంచి పార్కిన్సన్స్‌ను విడదీయడానికి బాగా ఉపయోగపడుతుంది. అయితే మల్టిపుల్ సిస్టమ్ ఎట్రోఫీలోనూ, సుప్రాన్యూక్లియర్ పాల్సీలోనూ ఆ స్కాను చెడిపోయే కనిపిస్తుంది. వాటినుంచి వేరుచేయాల్సి వచ్చినప్పుడు మళ్ళీ మందు స్పందన దగ్గరకే రావాలి. నేనైతే ముందు మందు వాడించి, ఇంకా అనుమానం మిగిలితే అప్పుడే స్కానుకు డబ్బు పెట్టమంటాను.

చివరగా మీ భయం. ముందే వాడితే మందు ‘అరిగిపోదు’. నెదర్లాండ్స్‌లో 445 మంది తొలిదశ రోగులమీద జరిగి 2019లో వెలువడిన లీప్ అధ్యయనంలో, సగంమందికి వెంటనే, మిగతావాళ్ళకు 40 వారాలు ఆలస్యంగా లెవోడోపా మొదలుపెట్టారు. 80 వారాల తర్వాత రెండు వర్గాల్లో తేడా కనిపించలేదు. ముందు మొదలుపెట్టడంవల్ల జబ్బు నెమ్మదించలేదు, నష్టమూ జరగలేదు. తర్వాతి ఏళ్ళలో ప్రభావం త్వరగా తగ్గినట్టు అనిపించడానికి ముఖ్య కారణం జబ్బు ముందుకు సాగడమే.

జాగ్రత్తలు కొన్ని. నిలబడినప్పుడు తల తిరిగితే, లేనివి కనిపిస్తున్నాయంటే, పగలు ఆపుకోలేని నిద్ర వస్తుంటే వెంటనే చెప్పండి. కంటిలో నీటికాసులు (గ్లాకోమా) ఉంటే మందు మొదలుపెట్టకముందే చెప్పండి. ఎక్కువ మోతాదుకు చేరాక మందును ఒక్కసారిగా ఆపవద్దు, తీవ్రమైన జ్వరం, బిగువుతో ప్రాణాపాయం రావచ్చు. ఆపాల్సి వస్తే మెట్లు మెట్లుగా దిగాలి.

మొదటి మాత్ర వేసే ముందు రోజు, ఇంట్లో పగటి వెలుతురులో ఒక వీడియో తీయండి: కుర్చీలోంచి లేవడం, పది అడుగులు నడిచి తిరిగి రావడం, రెండు చేతుల బొటనవేలికి చూపుడువేలిని పది పదిహేను సార్లు తాటించడం. ఒక కాగితంమీద నాలుగు వరుసలు రాయించి తేదీ వేయండి. సరిగ్గా అదే గదిలో, మాత్ర వేసుకున్న గంటకు, నెలకోసారి అదే మళ్ళీ చేయండి. మూడు నెలల తర్వాత ఆ వీడియోలు, కాగితాలు, మందుల సంచి పట్టుకుని వెళ్ళండి.